నాయకుడి తాంబూలం

నల్లగట్టు దుర్గం చుట్టూ శత్రువుల డేరాలు కనుచూపు మేర పరచుకొని ఉండగా, వారి ఏనుగుల ఘీంకారాలకు కోటలోని పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తుండగా, ఎరగమ మహారాజుగారు మాత్రం బురుజు మీద మెత్తని ఆసనం వేయించుకొని కర్పూర విడెం నములుతున్నారు. పక్కన నిలిచిన సేనాని సింగమనాయకుడికి ఆ నమలడం చూస్తుంటేనే ఒళ్లు కంపరమెత్తుతోంది.

కోట ఇంతకాలం నిలిచింది రాజుగారి ప్రతాపం వల్ల కాదు. ముట్టడికి ముందే నాయకుడు పల్లెపల్లె తిరిగి, గొల్లలకూ కుమ్మరులకూ ఈడిగలకూ రహస్యంగా తాంబూలమిచ్చి దళాలు కట్టాడు. ఒక పల్లె దళం సంగతి మరో పల్లెకు తెలియదు. పగలు గొర్రెలు కాచినవాళ్లే పొద్దు గూకాక శత్రువుల గడ్డివాములు తగలబెట్టేవాళ్లు, ధాన్యపు ఎడ్లను అడవిదారి పట్టించేవాళ్లు.

"ఆ దొంగలను అప్పగిస్తే ముట్టడి ఎత్తివేస్తా"నని శత్రుసేనాని కబురంపాడు. మంత్రి గుండయామాత్యుడు రాజుగారి అనుమతితో, నాయకుడికి తెలియనీయకుండా పల్లెల్లో చాటింపు వేయించాడు: సంధి కుదిరిందట, దారులు తెరిచారట, నాయకుడి తాంబూలం పుచ్చుకున్నవారిని మహారాజుగారు కోట ముంగిట సన్మానిస్తారట!

పాపం, వచ్చారు. రాజదర్శనానికి ఆయుధంతో పోరాదని గొడ్డళ్లూ వడిసెలలూ ఇళ్లలో పెట్టి, వట్టి చేతులతోనూ పోరాదని ఒకడు కొత్త కుండ, ఒకడు తేనె, గొల్ల బీరయ్య ఒక గొర్రెపిల్లను మోసుకొని, ఉతికిన బట్టలు కట్టుకొని వచ్చారు. శత్రువులు అందరినీ పట్టి తాళ్లతో కట్టేశారు.

కింద నుంచి శత్రుసేనాని కేక వేశాడు. "వీరు మీ సైనికులైనచో ప్రాణములు కాతును. దొంగలైనచో కొయ్యలకు గ్రుచ్చి కొరత వేయింతును. చెప్పుడు!"

"వీరెవరో మేమెరుగము. అడవి దొంగలు!" అన్నాడు మంత్రి. రాజుగారు విడెం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నారు, అంతే.

నాయకుడు రాజుగారి వంక చూసి వెనుదిరిగాడు. థూ! ఇలాంటివాడి కోసమా తాను అన్ని గడపలెక్కి తాంబూలం పంచింది?

ఆయన మెట్లు దిగబోతే మంత్రి అడ్డం వచ్చాడు. "నాయకా, సంధి చెడును! రాజ్యము నిలుచుటకు నాలుగు పల్లెలు పోయిననేమి?"

"పల్లెలు పోయిన పిదప నీవు నిలిపెడి రాజ్యమేది? ఈ రాళ్లా?" అని అతణ్ణి పక్కకు తోసి, తలుపు తీయించుకొని బయటకు నడిచాడు.

"సేనానీ, వీరు నా సైన్యము. తాంబూలమిచ్చిన చేయి ఇదే. దొంగలే అయినచో గజదొంగను నేను. మొదటి కొరత నాకు నాటించుము."

శత్రుసేనాని బురుజు వైపు వేలు చూపాడు. "సైనికులను కొరత వేయను, ఇండ్లకు పోనిత్తును. నాతో బొంకిన మీ మంత్రితో సంధి లేదు, రేపు కోట పట్టుదును. నా దండును ఇన్నాళ్లు ఆకలికి మాడ్చిన నాయకుని తల మాత్రము నాకు కావలెను."

"తీసుకొనుము."

కట్లు విప్పుతుంటే బీరయ్య గొల్లుమన్నాడు. "దొరా, మమ్మల్ని రమ్మన్నది రాజుగారు కాదా?"

"ఆయనే, బీరయ్యా."

పైనుంచి రాజుగారి గొంతు వినిపించింది. "నాయకా! నీ కుటుంబమును మేము పోషింతుము!"

సింగమనాయకుడు తలెత్తి చూడలేదు. కాండ్రించి ఉమ్మి, బీరయ్య భుజం పట్టుకున్నాడు.

"నా ఇంటిదాన్నీ బిడ్డలనూ నీ పల్లెకు తీసుకుపో. గొర్రెలు కాచుకొని బతకనీ. ఈ కోట ఉప్పు మాత్రం మళ్లీ తిననీయకు."