చక్రం ఆగిన పొద్దు

పాలు పొంగి పొయ్యి మీద పారేదాకా మంజుల చూసుకోలేదు. టీవీలో ఎక్కడో జాతరలో జెయింట్ వీల్ విరిగిపడిందని చెబుతున్నారు. కింద చెల్లాచెదురుగా పడిన చెప్పులను మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. ఆమె స్టవ్ కట్టేసి, వాటిలో తన బిడ్డ చెప్పులున్నాయేమోనన్నట్టు కళ్ళు చికిలించి చూసింది. బిడ్డ సాహిత్య ఆ సమయంలో పక్కగదిలోనే జడ వేసుకుంటోంది.

వాళ్ళది మొయినాబాద్ దగ్గరి పల్లె, హిమాయత్‌నగర్. అక్కడికి దగ్గర్లోనే, అజీజ్‌నగర్‌లో, ఒకప్పటి చేలల్లో ఫామ్‌హౌజులు, రిసార్టులు లేచాయి. వాటి మధ్య ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు కూడా వచ్చింది. శని, ఆదివారాలు గచ్చిబౌలి వైపు నుంచి ఐటీ ఉద్యోగుల కార్లు బారులు తీరతాయి. పాలిటెక్నిక్ చదివిన సాహిత్యకు అందులో జెయింట్ వీల్ నడిపే ఉద్యోగం దొరికింది. బిడ్డ ఏదో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుంటుందనుకున్న మంజులకు ఆనాటి నుంచి కంటి నిండా నిద్ర లేదు.

డ్యూటీలో ఫోను లాకర్లో పెట్టాలని అక్కడి రూలు. రింగై రింగై ఆగిపోయిన ప్రతిసారీ మంజుల మళ్ళీ మళ్ళీ చేసేది. ఒకసారైతే ఫోను ఎత్తలేదని మొయినాబాద్ దవాఖానకు పోయి, పార్కు నుంచి ఎవరినైనా తెచ్చారా అని అడిగి వచ్చింది. ఆ సంగతి తెలిసి సాహిత్య రెండు పూటలు తల్లితో మాట్లాడలేదు.

"ఇయ్యాల పోకు బిడ్డా. అమాస" అంది మంజుల ఉప్మా పళ్ళెం ముందు పెడుతూ.

"ఆదివారం గూడ అమ్మా. జనం మస్తు వస్తరు. నేను పోకుంటే వీల్ ఎవరు నడుపుతరు?"

"ఎవలో ఒకలు నడుపుతరు. నువ్వే నడపాల్నా?"

షేర్ ఆటో తోలే బాలరాజ్ షర్టు గుండీలు పెట్టుకుంటూ, దాన్ని పోనియ్యమని భార్యను కోప్పడ్డాడు. దినమంతా రోడ్డు మీద తిరిగే తనకు లేని ఫికర్ ఆమెకెందుకన్నాడు.

"నీ ఆటో భూమ్మీద ఉంటది" అంది మంజుల. ఆ మాటకు తండ్రీ కూతుళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ప్రతి అమావాస్యకు ఆమె ఎర్రగుడ్డలో నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, పటిక ముక్క మూటగట్టి మొగుడి ఆటోకు కడుతుంది. ఆటోకు ఇంతవరకు గీత కూడా పడకపోవడానికి ఆ మూటే కారణమని ఆమె నమ్మకం. ఆ ఉదయం ఆమె రెండు మూటలు కట్టింది. ఒకటి ఆటోకు. రెండోది కొంగులో దాచుకుని, బిడ్డ పోయిన కాసేపటికి టిఫిన్ డబ్బా వంకతో పార్కుకు బయలుదేరింది.

పనివాళ్ళ గేటు దగ్గర వాచ్‌మన్ ఎల్లేశ్ వాళ్ళ ఊరివాడే. మేనేజర్ సారు చూస్తే తన మీదికి వస్తుందని గొణిగి, డబ్బా ఇచ్చి జల్ది రమ్మని లోపలికి వదిలాడు. అప్పటికే సాహిత్య ఖాళీ చక్రాన్ని తిప్పి చూసి, ప్రతి సీటు బెల్టూ లాగి చూసి, టికెట్ల దగ్గర ఏదో చెప్పడానికి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. మంజుల తలెత్తి చూసింది. ఆ ఎత్తుకు కళ్ళు తిరిగాయి. కటకటాల సందులోంచి చెయ్యి పెట్టి, చక్రం అడుగున ఉన్న ఇనుప కమ్మీకి మూట కట్టింది. గట్టిగా మూడు ముళ్ళేసి, దండం పెట్టుకుంది.

తిరిగొచ్చిన బిడ్డకు డబ్బా ఇచ్చాక ఇంటికి పోవాల్సిందే. పోలేదు. ఐస్‌క్రీం బండి వెనక నిలబడింది. గేట్లు తెరిచారు, జనం నిండారు, చక్రం కదిలింది. కాసేపటికి గాలి లేచింది. ఒక్క కుదుపుతో చక్రం ఆగిపోయింది.

పైన సీట్లు ఊగుతున్నాయి. ఎవరో పిల్ల ఏడుపు అంత ఎత్తు నుంచి సన్నగా వినిపిస్తోంది. మంజులకు పొద్దున చూసిన చెప్పులు గుర్తొచ్చాయి. అయిపోయింది, తాను అనుకున్నదంతా అయిపోయింది అనుకుంది.

పక్కనే ఒకామె, పట్నం మనిషి, మంజుల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరి చెయ్యో కూడా చూసుకోలేదు. "మా బాబు పైనున్నాడండీ. వాళ్ళ నాన్నతో ఎక్కాడు. నేను వద్దన్నాను. పొద్దుట్నుంచీ వద్దంటూనే ఉన్నాను."

ఆ మాటలు మంజులకు తన నోటి నుంచే వచ్చినట్టనిపించాయి. ఆ చెయ్యి అలాగే పట్టుకుని నిలబడింది. ఆ అరచెయ్యి చల్లగా ఉంది.

అంతలో మైకులో సాహిత్య గొంతు వినిపించింది. "అందరూ కూసోనే ఉండండి. బెల్టు ఎవరూ తియ్యొద్దు. మెషిన్ చెడిపోలే, ఏదో అడ్డమొచ్చి దానంతట అదే ఆగింది. అదేందో చూసి, ఒక్కొక్కరిని దించుత. నేను ఎక్కడికీ పోను."

ఇంట్లో బల్లిని చూసి అరిచే పిల్ల గొంతు కాదది. జనం కొంచెం నెమ్మదించారు. సాహిత్య మోకాళ్ళ మీద వంగి చక్రం అడుగున అంతా వెతికింది. లేచినప్పుడు ఆమె చేతిలో ఎర్రమూట ఉంది.

చక్రం అడుగున కంటికి కనిపించని వెలుతురు గీత ఒకటుంటుంది. చెయ్యో, చున్నీయో దానికి అడ్డమొస్తే చక్రం ఆగిపోతుంది. గాలికి ఊగిన మూట సరిగ్గా దానికే అడ్డం పడింది. సాహిత్య అది మేనేజర్‌కు చెబుతుంటే మంజుల విన్నది. బిడ్డకు ఏమీ కాకూడదని కట్టిన మూట ఇంతమంది బిడ్డల్ని గాలిలో నిలబెట్టింది.

ఒక్కో సీటూ మెల్లగా కిందికి వచ్చింది. ఆ పట్నం తల్లి కొడుకును గుండెకు అదుముకుని ఏడ్చింది. వాడేమో మళ్ళీ ఎక్కుదామని మారాం చేస్తున్నాడు.

మేనేజర్ దేవదాస్ సాహిత్యను గదిలోకి పిలిచాడు. మంజుల తలుపు బయట నిలబడింది. ఆ మూట ఎవరు కట్టారో చెప్పమని ఆయన అడిగాడు. సాహిత్య మూటను అటూ ఇటూ తిప్పింది. ఆ గుడ్డ తల్లి పాత చీర చెంగుది. ఆ ముళ్ళు తండ్రి ఆటో మీద ప్రతి నెలా చూసేవే.

"నేనే కట్టిన సార్."

"అయితే రేపట్నుంచి రాకు. రైడ్‌కు అడ్డం కట్టే ఆపరేటర్‌ని ఎట్లా నమ్మాలి నేను?"

మంజులకు తాను ఇన్నాళ్ళూ కోరుకున్నదే జరుగుతోంది. నోరు మూసుకుంటే చాలు, రేపటి నుంచి బిడ్డ కళ్ళ ముందే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీదే భయమేసింది. తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"అది అబద్ధం ఆడుతున్నది సార్. నేను దాని తల్లిని. దానికి తెల్వకుండ నేనే కట్టిన. దాని నౌకరి తియ్యకండి, పోలీసులకిస్తే నన్నియ్యండి."

ఆయన చాలాసేపు ఇద్దరినీ తిట్టాడు. మంజులను ఇకమీద గేటు దాటనివ్వొద్దని ఎల్లేశ్‌ను పిలిపించి గట్టిగా చెప్పాడు. తల్లి కోసమైనా సరే, అబద్ధం ఆడేవాళ్ళ మాట మీద జనాన్ని పైకి ఎక్కించలేనని సాహిత్యతో అన్నాడు. చివరికి, చెడిపోయిందేమీ లేదు కనుక, ఈ ఒక్కసారికి వదిలేస్తున్నానన్నాడు.

సాయంత్రం బాలరాజ్ ఆటోలో ఇద్దరూ వెనక కూర్చున్నారు. ఆటో పార్కు దాటి రోడ్డెక్కింది. ఉన్నట్టుండి సాహిత్య వెక్కి వెక్కి ఏడ్చింది. బాలరాజ్ అద్దంలో చూసి ఆటో పక్కకు ఆపాడు.

"నన్ను తిట్టు బిడ్డా. ఏమన్న అను" అంది మంజుల.

"నాకు మస్తు భయమైందమ్మా. మైకు పట్టుకుంటే చెయ్యి ఒణికింది."

"నీకు భయమే లేదనుకుంటి."

"ఎందుకు లేదు? దినాం భయమే. లాగి చూసిన బెల్టునే మళ్ళ లాగి చూస్త. తోటోళ్ళు నవ్వుతరు. నీ బిడ్డనే గద, నాకు ఎక్కడికెళ్ళి వస్తది ధైర్యం?"

మంజుల బిడ్డ తలను ఒళ్ళోకి తీసుకుంది. తన భయం ఆ పిల్లలోకి కూడా పోయిందని అప్పుడు తెలిసింది. తాను భయంతో ఫోన్లు చేసింది, మూటలు కట్టింది. పిల్ల అదే భయంతో పరాయివాళ్ళ పిల్లల బెల్టులు చూస్తోంది. ఆ పట్నం తల్లి చెయ్యి చల్లదనం ఇంకా అరచేతిలో ఉన్నట్టే ఉంది. రేపు ఇంకో తల్లి అక్కడ నిలబడుతుంది. కింద ఇంత భయం తెలిసిన పిల్ల ఒకతి ఉండాలి.

భయం పోలేదు. పోదు కూడా. బిడ్డ జడ సరిచేస్తూ అడిగింది:

"రేపు పొద్దుగాల ఎన్నింటికి లేపాలె?"