జిలేబి పందెం

ఆర్మూర్ పశువుల దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టర్ నితీష్ మొదటి రోజే సుష్మిత చేత చివాట్లు తిన్నాడు.

ఆమె కాలు వాచిన తన కుక్కను తీసుకొచ్చింది. ఊరకుక్కే. తోక చుట్ట చుట్టుకొని ఉంటుందని దానికి జిలేబి అని పేరు పెట్టుకుంది. రోజూ పసుపు బస్తాల మీది నుంచి దూకిస్తానని చెప్పింది. నితీష్ దాని కాలు నొక్కి చూసి, ఆమె ఆయాసం గమనించి, "కట్టు కడితే కుక్క మంచిగయితది. మీకే దమ్ము ఎక్కువొస్తున్నది" అన్నాడు.

"మీరు పశువుల డాక్టరే గద. జిలేబిని చూడుండ్రి సాలు."

సుష్మితకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. తండ్రి హనుమాన్లుకు మార్కెట్ యార్డులో కమీషన్ దుకాణం. పసుపు సీజన్ వచ్చిందంటే గాలి నిండా దుమ్మే. ఇన్‌హేలర్ నలుగురిలో బయటికి తియ్యొద్దని తల్లి కమలాబాయి కట్టడి చేసింది. తెలిస్తే సంబంధాలు రావని ఆమె భయం. అందుకే సుష్మిత ఎక్కడికి పోయినా ముందు ఒక చాటు చూసుకునేది.

జిలేబి కాలు మానేదాకా కట్టు మార్పించడానికి వచ్చింది. మానాక కూడా వచ్చింది. ఒకసారి టీకా అంది, ఒకసారి తిండి తినట్లేదంది. ఆ తిండి తినని కుక్క డాక్టర్ చేతిలో బిస్కెట్లు కరకర నమిలేది.

ఒక వాన సాయంత్రం దవాఖాన వరండాలో చిక్కుబడిపోయినప్పుడు, హైదరాబాద్‌లో కుక్కల అజిలిటీ పోటీ ఉందని నితీష్ చెప్పాడు. కుక్క అడ్డుకర్రలు దూకాలి, గొట్టంలో దూరాలి, వరసగా పాతిన గుంజల మధ్య మెలికలు తిరగాలి. పెంచినవాళ్లు పక్కనే ఉరుకుతూ దారి చూపాలి. సుష్మిత కళ్లు మెరిశాయి.

"జిలేబిని నేను ఉరికిస్త. మీరు కూసోని చూడుండ్రి" అన్నాడతను.

ఆమె తడుస్తూనే ఇంటికి వెళ్లిపోయింది. తన మీద జాలిపడ్డాడని అంత ఉక్రోషం. ఆ తర్వాత దవాఖాన వైపు తొంగిచూడలేదు. పెరట్లో నిలబడిన చోటు నుంచే చేతి సైగలతో జిలేబిని నడిపించడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు నితీష్ నాలుగు ప్లాస్టిక్ పైపులు భుజాన వేసుకొని వచ్చాడు. తప్పు మాట అన్నానని ఒప్పుకొని, అడ్డుకర్రలు కట్టి ఇచ్చాడు.

పోటీ రోజు సుష్మితతో అమ్మా నాన్నా కూడా జీపులో వచ్చారు, నితీష్ బస్సులో వచ్చాడు. కర్రలన్నీ జిలేబి అవలీలగా దూకింది. అది గొట్టంలో దూరేసరికి సుష్మిత ఛాతీ బిగుసుకుంది. చుట్టూ చూసింది. బోడి మైదానం, ఎక్కడా చాటు లేదు. ముందు వరసలో అమ్మ. గొట్టంలోంచి బయటపడ్డ జిలేబి సుష్మిత వైపే చూస్తూ ఆగిపోయింది.

సుష్మిత అందరి ముందే ఇన్‌హేలర్ తీసి పీల్చింది. ఊపిరి బిగబట్టి, చెయ్యెత్తి గుంజల వైపు చూపించింది. జిలేబి కదిలింది.

సమయం మించిపోయి బహుమతి రాలేదు. కానీ ఒక్క కర్ర కూడా పడలేదు. కమలాబాయి తల దించుకుంది. పక్కావిడ ఆ పిల్లకేమైందని అడిగితే హనుమాన్లు, "ఆస్తమా ఉన్నది. దవా తీసుకుంటది, మల్ల ఉరుకుతది. మా బిడ్డనే" అన్నాడు. కమలాబాయి మెల్లగా తలెత్తింది.

నితీష్ నీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

"గా రోజు జాలిపడలే సుష్మితా. భయపడ్డ. నీకేమన్నయితే నేనెట్ల ఉండాలె అని."

ఆమె నీళ్లు తాగి, సీసా అతని చేతికి తిరిగిచ్చింది.

"గీ మాట మా బాపుకు చెప్పుండ్రి."

"ఇప్పుడేనా?"

"జర జల్ది. పొద్దు పోకముందే బయలెల్లాలె."

అతను తడబడుతూ హనుమాన్లు దగ్గరికి నడిచాడు. ఏం మాట్లాడాడో ఇవతలికి వినిపించలేదు. హనుమాన్లు భార్య వైపు చూశాడు. అప్పటికే జీపెక్కి కూర్చున్న కమలాబాయి కొంచెం జరిగి, పక్కన చోటు చూపించింది.

"బస్సుల ఎందుకు డాక్టర్ సాబ్. మాతోనే రాండ్రి. తొవ్వల మాట్లాడుకుందం" అందామె.