మ్యాచ్ రోజు భోజనం

“నాకు అన్నం పెట్టండి!”

అత్తయ్య ఆ మాట అనగానే వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆవిడ కుర్చీ బరబరా లాక్కుని కూర్చుని, ఖాళీ కంచాన్ని ముందుకు జరుపుకుంది. హాల్లో మామయ్య ఫోటో తుడుస్తున్న చిన్నమామయ్య గుడ్డ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

“వదినా! ఇవాళ మ్యాచ్ కదా!”

“తెలుసు.”

“అన్నయ్య పేరు మీద ఆడుతున్న మొదటి మ్యాచ్! ఇన్నేళ్ళూ మ్యాచ్ రోజున పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదే మీరు… ఇవాళే వచ్చిందా ఆకలి?”

“ఎప్పుడూ వేసేదేనయ్యా ఆకలి. ఎవరూ అడగలేదు, అంతే! తిన్నాక నేనూ గ్రౌండ్‌కి వస్తాను.”

చిన్నమామయ్య గుడ్డ జారి నేల మీద పడింది. “గ్రౌండ్‌కా! మీరు ఇంట్లో ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తేనే టీమ్ గెలుస్తుందని అన్నయ్య నమ్మకం. ఆయన పోయి నెల కూడా తిరగలేదు. నలుగురూ వింటే ఏమంటారు?”

పొయ్యి దగ్గర నిలబడ్డ మేనకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆమెకు ‘పిడుగు’ అని పేరు పెట్టింది మామయ్యే. తల్లి పోయిన ఏడు, స్కూలు సంచితో సహా తెచ్చుకుని పెంచాడు. బస్సుల షెడ్డులో పగలంతా ఇంజన్ల కింద దూరి పనిచేసి, సాయంత్రం మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, ఆమెను భుజానికెక్కించుకుని వాలీబాల్ గ్రౌండ్‌కి బయల్దేరేవాడు. మ్యాచ్‌కి ముందు తను ఆట నేర్పే కుర్రాళ్ళందర్నీ గుండ్రంగా నిలబెట్టి కళ్ళు మూసుకోమనేవాడు. “దేవుడా, రెండు జట్ల పిల్లలూ కాళ్ళూ చేతులూ బాగుండి ఇళ్ళకు చేరాలి. గెలుపు మాత్రం మాకే ఇప్పించు తండ్రీ!” అనేవాడు. అవతలి జట్టువాళ్ళు కూడా నవ్వేసేవాళ్ళు. ఒక్కడి మీద చెయ్యెత్తని మనిషి! తమ్ముడి చదువుకి తన చదువు మానుకున్న మనిషి! అలాంటి మామయ్య నమ్మకానికి ఈవిడ ఒక్క పూట విలువివ్వలేదా?

“పెట్టను!” అంది పిడుగు, గరిటె గిన్నెలో పడేసి. “సాయంత్రం మైకులో నీ ఉపవాసాల గురించే మాట్లాడబోతున్నాను. నా మాట అబద్ధం చేస్తావా అత్తయ్యా? మామయ్య మాట ఆయనతోనే పోయిందా?”

అత్తయ్య ఆమె వంక ఒక్క చూపు చూసింది. కంచం అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

పిడుగు కోపం తీరక వెనకాలే వెళ్ళింది. తీగ మీద టీమ్ బనియన్లు, మోకాలి పట్టీలు ఆరుతున్నాయి. మామయ్య పోయినా ఉతుకుడు ఆగలేదు. ఎవరు ఉతుకుతారని ఎవరూ అడగనూ లేదు. అత్తయ్య ఒక్కో పట్టీనీ తీగ మీంచి లాగి బుట్టలోకి విసిరికొడుతోంది.

“ఇలా రా. ఈ వేలు చూడు!” వంకర తిరిగిన చిటికెన వేలు పిడుగు ముఖం ముందు పెట్టింది. “ఇదెలా విరిగిందో చెప్పు.”

“తలుపులో పడి…”

“తలుపు! అడిగినవాళ్ళందరికీ మీ మామయ్య చెప్పిన తలుపు! ఆ తలుపు ఏ ఇంటిదో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. కాలేజీ టీమ్‌లో సెట్టర్‌ని నేను, కొట్టేవాళ్ళకి బంతి లేపి అందించేదాన్ని! బంతి తగిలి విరిగింది. పరుగెత్తి ఐసు తెచ్చి ఈ వేలికి పెట్టిన కుర్రాడే మీ మామయ్య. ‘నీ చేతుల్లోంచి బంతి వెళ్తుంటే చప్పుడే రాదు’ అన్నాడు. ఆ ఒక్క మాటకి పడిపోయి పెళ్ళి చేసుకున్నాను, పిచ్చిదాన్ని!”

పిడుగు ఆ వేలి మీదకి వంగి చూసింది. అత్తయ్య… వాలీబాలా?

“పెళ్ళయిన కొత్తలో, కలిసి తిందామని ఆయన కోసం ఖాళీ కడుపుతో కూర్చున్నాను. ఆ రోజు గెలిచొచ్చారు. తర్వాతి మ్యాచ్‌కి శుభ్రంగా తిని ఆయనతో పాటే వెళ్ళాను. ఓడిపోయారు. అంతే! దేవుడు చెప్పేశాడట! దేవుడికి నా కంచంలోకి తొంగిచూడడం తప్ప వేరే పనిలేదు మరి! అప్పట్నుంచి నాకు గ్రౌండూ లేదు, ఆ పూట అన్నమూ లేదు. నిన్ను భుజం మీద ఎక్కించుకుని వెళ్ళేవాడు కదూ… నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నీకున్న చోటు నాకు లేకపోయింది!”

“మామయ్య నిన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు కదత్తయ్యా…”

“కసురుకున్నా బాగుండేది, తిరిగి అరిచేదాన్ని! ఓడి వచ్చిన రోజు నా పక్కన కూర్చుని, ఎంతో మెల్లగా… ‘మధ్యలో ఏమైనా నోట్లో వేసుకున్నావా?’ అని అడిగేవాడు. తప్పు చేసిన పిల్లనడిగినట్టు! ఒకసారి జ్వరంతో మాత్ర వేసుకోవడానికి గుక్కెడు నీళ్ళు తాగానని చెప్పాను. ‘పోనీలే’ అన్నాడు. ఆ ‘పోనీలే’ ఇంకా ఇక్కడే ఉంది!” అంటూ గుండె మీద గట్టిగా కొట్టుకుంది. గొంతు తగ్గించి అంది: “పెద్ద కప్పు గెలిచిన రోజు గుర్తుందా? ఆ కప్పు తెచ్చి అందరి ముందూ నా ఒళ్ళో పెట్టాడు, ‘ఇది నీ ఉపవాసం తెచ్చింది’ అని. ఆ రోజు నేను కడుపు పగిలేలా తిన్నానే! కసి కొద్దీ తిన్నాను! రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాను!”

“మరి చెప్పలేదేం?”

“ఎలా చెప్పను? ఆయన ముఖం దీపంలా వెలిగిపోతోంది. చెప్తే ఆ నమ్మకం ఏమైపోతుంది? అందుకే నోరు మూసుకున్నాను. ప్రేమో, పిరికితనమో నాకే తెలీదు. ఆ తర్వాత మళ్ళీ మామూలుగానే కడుపు మాడ్చుకున్నాను. ఇంక నావల్ల కాదే… నువ్వు మైకులో నన్ను మళ్ళీ ఈ ఇంట్లో పెట్టి తాళం వెయ్యకు.”

పిడుగుకు మామయ్య మీద జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఆయన ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకుని కడిగేసేది! కానీ ఆయన ఫోటోలో నవ్వుతున్నాడు. పోయినవాళ్ళతో పోట్లాట ఎంత అన్యాయం! ప్రేమించడం మానలేం, నిలదీయనూలేం… తనూ అంతే కదా? ఆ భుజం మీద కూర్చుని, వెనక గుమ్మంలో ఎవరున్నారో ఏనాడైనా తల తిప్పి చూసిందా?

లోపలికి వెళ్ళి కంచం నిండా వడ్డించింది. చిన్నమామయ్య అడ్డొచ్చాడు.

“ఏమే, నీకూ మతి పోయిందా?”

“మీకు అంత నమ్మకముంటే మీరుండండి ఉపవాసం,” అంది పిడుగు. “పొద్దున్నుంచీ మూడుసార్లు తిన్నారు!”

అత్తయ్య తొందర లేకుండా తింది. మజ్జిగ కూడా అడిగి పోయించుకుంది.

సాయంత్రం గ్రౌండ్‌లో మామయ్య ఎప్పుడూ కూర్చునే ఇనుప కుర్చీలో ఆయన ఫోటో పెట్టారు. చిన్నమామయ్య మైకు పట్టుకుని, “మా వదిన ఈ క్షణాన కూడా…” అని మొదలుపెట్టి, గేటు లోంచి నడిచొస్తున్న వదినను చూసి తక్కిన మాట మింగేశాడు. టీమ్ పాత కెప్టెన్, ఇప్పుడు బస్సు డ్రైవరు, గబగబా లేచి ఫోటో పక్కన ఇంకో కుర్చీ వేశాడు.

పిడుగు మైకు అందుకుంది. మామయ్య ప్రార్థన గురించి చెప్పింది, అందరూ నవ్వారు. “మా మామయ్య చాలా మంచివాడు. ఒక్క విషయంలో మాత్రం చాలా అన్యాయం చేశాడు. మీ బనియన్లు ఉతికిన ఈవిడ కాలేజీలో సెట్టర్. ఈ గ్రౌండ్‌కి రాకుండా ఆపింది ఆయనే. మనమూ చూస్తూ ఊరుకున్నాం!”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డ్రైవరు తల వంచుకున్నాడు.

మొదటి బంతి అత్తయ్యకు అందిద్దామని చూశారు. “ఇప్పుడు నాకెందుకు, పిల్లల్ని ఆడనివ్వండి,” అని విసుక్కుంది. ఆట మొదలయ్యాక మాత్రం ఆవిడ కుర్చీ అంచుకి జరిగింది. బంతి లేచిన ప్రతిసారీ ఒళ్ళోని పదివేళ్ళూ వాటంతటవే విచ్చుకుంటున్నాయి. పిడుగు ఆట చూడలేదు, ఆ వేళ్ళనే చూస్తూ ఏడ్చింది.

టీమ్ ఓడిపోయింది.

చిన్నమామయ్య మెల్లగా తల తిప్పి వదిన వైపు చూశాడు. ఆ చూపులో పాత ప్రశ్నే ఉంది.

“అలా చూడకు!” అత్తయ్య కేక గ్రౌండంతా వినిపించింది. “అవతలివాడు కొట్టాక ఎగురుతున్నాడు ఆ మూడో నంబరు అబ్బాయి! నెట్ మీద బ్లాక్ ఎలా పడుతుంది? నా కంచం ఏం చేస్తుంది?”

తర్వాత ఫోటో వైపు తిరిగింది. “అవునండీ… తిన్నాను. కడుపునిండా తిన్నాను. ఆ కప్పు గెలిచిన రోజు కూడా తిన్నాను! విన్నారా?” మామయ్య పోయిన దగ్గర్నుంచి పొడిగా ఉన్న కళ్ళు అప్పుడు కురిశాయి. పిడుగు ఆ వంకర వేలిని తన గుప్పిట్లోకి తీసుకుంది.

గ్రౌండ్ ఖాళీ అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“ఆ మూడో నంబరు అబ్బాయిని రేపు ఒకసారి ఇంటికి రమ్మను,” అంది. రెండడుగులు వేసి ఆగింది. “వద్దులే… నేనే గ్రౌండ్‌కి వస్తానని చెప్పు.”