రెండును మూడు చేసిన చేయి

"చూశావా అమ్మా! తీసినవాడే తెచ్చిచ్చాడు! ఆరేళ్లకి బుద్ధొచ్చింది నీ చిన్నకొడుక్కి!"

భర్త కేకకి వంటింట్లో ఆమె చేతిలో గరిట జారిపోయింది. పరుగున వచ్చి చూస్తే... భర్త గడియారాలు బాగుచేసే బల్లమీద, చిన్న త్రాసులో, ఒక వెండి నాణెం! రెండువేల ఏళ్లనాటి రోము నాణెం. దానిమీద టైబీరియస్ చక్రవర్తి ముఖం. గుమ్మం బయట మరిది, బస్సు డ్రైవరు, డ్యూటీ చొక్కాతోనే నిలబడి ఉన్నాడు.

"నేను తీయలేదన్నయ్యా! అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను. ఇది నేను ఓవర్‌టైమ్ చేసి కొన్నది. అమ్మ మంచం పట్టిందని విన్నాను... నన్ను లోపలికి రానివ్వు, చాలు!"

"కొన్నాడట! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు!"

మంచంమీద అత్తగారు గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడుస్తోంది.

దొంగ! ఆ మాట వినగానే ఆమె చూపు బల్లమీది రిజిస్టరుమీదికి పోయింది. పాత నాణేలు సేకరించే పిచ్చి ఉన్న భర్త ఎనిమిదేళ్ల క్రితం తన మొదటి టైబీరియస్ నాణెం కొని, వీధంతా చూపించుకుని, చిన్నపిల్లాడిలా గంతులేశాడు! భూతద్దంలో ముఖం, అక్షరాలు చూసి నాణెం ఏదో చెప్పడం ఆయన వంతు. తూచి రిజిస్టరులో రాయడం ఆమె వంతు. మూడు పాయింట్ ఎనిమిది గ్రాములుండాలి. త్రాసు రెండు పాయింట్ ఎనిమిది చూపించింది! భూతద్దం పెట్టి చూస్తే అంచున వెండి పొర లేచి, కింద ఎర్రగా రాగి... ఆ కాలపు దొంగనాణెమే అది! తలెత్తి ఆయన ముఖం చూసింది. రెండును మూడు చేసి రాసేసింది. ఒక్క అంకె, ఎవరికేం నష్టం అనుకుంది పిచ్చిది!

రెండేళ్ల తర్వాత స్నేహితులకు చూపిస్తానని మరిది ఆ నాణెం తీసుకెళ్లి తెచ్చిచ్చాడు. ఆవేళ ఆమె జ్వరంతో పడుకుంది. భర్తే తూచాడు. రిజిస్టరులో మూడు పాయింట్ ఎనిమిది, త్రాసులో రెండు పాయింట్ ఎనిమిది! "అసలుది మింగేసి నకిలీ తెచ్చావా!" అని సొంత తమ్ముణ్ణి గెంటేశాడు. చెబుదామని నోరు తెరిచింది... ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి! ఎంత ఏడిస్తే ఏం లాభం? నింద మోసింది ఆ అమాయకుడు కదా!

"ఏమండీ!" ఆమె భర్త కాళ్లదగ్గర కూలబడింది. "మీ తమ్ముడు ఏ పాపమూ ఎరగడు! మీరు తెచ్చిన రోజునే అది నకిలీ. తప్పుడు తూకం రాసింది నేను... మీ సంతోషం చూసి నోరు రాలేదండీ!"

భర్త రిజిస్టరు తెరిచి ఆ అంకె చూశాడు. లేచి, తడబడుతూ గుమ్మం దాటి, తమ్ముణ్ణి కౌగిలించుకుని బావురుమన్నాడు. "నేను మనిషినేనారా!"

"ఊరుకో అన్నయ్యా... లోపలికి పద." మరిది తల్లి పాదాలమీద తల పెట్టాడు. ఆ తల్లి చెయ్యి అతని జుట్టు నిమిరింది.

"బాబూ... నన్ను క్షమించు," అంటూ ఆమె మంచం దగ్గరికి వచ్చింది.

అతను తలెత్తలేదు. "అన్నయ్యకి తెలీదు వదినా, అందుకే తిట్టాడు. నీకు తెలుసు!"

ఆమె వంటింట్లోకి వెళ్లింది. అన్నదమ్ములిద్దరికీ పక్కపక్కన కంచాలు పెట్టి వడ్డించింది. మరిది ఆకలిగా తిన్నాడు. పొలమారింది. నీళ్ల చెంబుతో ఆమె పక్కనే నిలబడి ఉంది. అతను దగ్గుతూ అటు తిరిగాడు.

"అన్నయ్యా, కాసిన్ని నీళ్లు పొయ్యి."

భర్త లేచి ఆమె ముందు చెయ్యి చాపాడు. ఆమె చెంబు ఇచ్చేసింది.