ఆస్కాట్‌కి నలుగురు

"ఎల్లుండి విమానం. నా పాస్‌పోర్టు పోయింది. పోవడం కాదు, ఎవరో కొట్టేశారు!"

సోమవారం పొద్దున్నే తలుపు తోసుకుని వచ్చిన వెర్నా టాకెట్, కుర్చీ చూపించినా కూర్చోలేదు. డెబ్భై మూడేళ్ళ మనిషి. గుర్రాల ఫారంలో నలభై ఏళ్ళు రాత్రి కాపలా కాసి, ఈనే గుర్రాలకు పురుళ్ళు పోసిన చేతులు ఇప్పుడు సంచీ జిప్పు తెరిచి మళ్ళీ మూస్తున్నాయి.

డిటెక్టివ్ ఒడెస్సా బ్లెవిన్స్ కళ్ళు మూసుకుంది. ఎందుకు మూసుకుందో ఆమె అసిస్టెంట్ కార్బిన్ హాస్కెల్‌కి తెలుసు. రేసుల శాఖలో ఇరవై ఏళ్ళు విచారణాధికారిగా పనిచేసి, గుర్రమన్న మాట వింటేనే ఒళ్ళు మండే స్థితికి వచ్చి, ఆ ఉద్యోగానికి దండం పెట్టి సొంతంగా బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. తీరా బోర్డు కట్టింది కెంటకీ రాష్ట్రంలో, గుర్రాల ఊరు లెక్సింగ్టన్‌లో. ఇక్కడ గుర్రాలు కాక ఇంకేం వస్తాయి?

"మిస్ వెర్నా, కూర్చోండి. పాస్‌పోర్టు చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మా ఫారంలో ఆడగుర్రం బ్రియర్ బెల్ పుట్టినప్పుడు అడ్డం తిరిగింది. ఊపిరి లేదు..."

"పాస్‌పోర్టు, మిస్ వెర్నా."

"చెప్తున్నాగా! ముక్కులో నా నోటితో ఊదాను. పదకొండు రాత్రులు దానితో పాటు గడ్డిలో పడుకున్నాను. రెండో ఏట ఇంగ్లండ్ వాళ్ళు కొనుక్కుపోయారు. మళ్ళీ చూడలేదు. ఈ శుక్రవారం అక్కడి ఆస్కాట్ రేసుల్లో దాని ఆఖరి పందెం. తర్వాత పిల్లల కోసం జపాన్ పంపేస్తారట. అంటే ఇంక ఈ జన్మలో నాకు కనబడదు." అప్పుడు కూర్చుంది. "కొత్త పాస్‌పోర్టు కావాలంటే వారం పడుతుందట."

ఒడెస్సా కళ్ళు తెరిచింది. విసుగు పోలేదు కానీ, టోపీ మాత్రం చేతిలోకి తీసుకుంది.

దారిలో మిగతాది కూపీ లాగేసరికి కార్బిన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. ప్రయాణం నలుగురిది: వెర్నా, ఆమె చెల్లెలు రొవీనా, గుర్రాలకు పొద్దుటి సాధన చేయించి రిటైరైన హోబర్ట్ స్లోన్, దాణా లారీ నడిపిన డెల్మర్ పెనిక్స్. పథకమంతా డెల్మర్‌దే. ఇరవై ఐదేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ ఆస్కాట్ వెళ్ళొచ్చే మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. పాస్‌పోర్టులు వెర్నా వంటింట్లో ఫ్రిజ్ మీద బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఆదివారం పొద్దున నలుగురూ ఆ వంటింట్లోనే టిఫిన్ చేశారు. సాయంత్రం చూస్తే వెర్నాది లేదు. రొవీనాదీ హోబర్ట్‌దీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"డెల్మర్‌ది?" అంది ఒడెస్సా.

"ఆయనది ఆయన ఇనప్పెట్టెలో. జాగ్రత్త ఎక్కువ," అంది వెర్నా.

వంటింట్లో రొవీనా సగం బల్ల ఆక్రమించిన టోపీ పెట్టె పక్కన ముఖం మాడ్చుకుని కూర్చుంది.

"నేనే తీశానని అక్క అనుకుంటోందా? అనుకోనీ! ఫ్లోరిడా వెళ్దాం, సముద్రం పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుందాం అని పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. కాదు, గుర్రాన్ని చూడ్డానికి సముద్రం దాటాలట!"

"అయితే ప్రయాణం ఆగిపోతే మీకు సంతోషమే."

"ఈ టోపీ కొన్నాక ఏం సంతోషమమ్మా? లెక్సింగ్టన్‌లో దీన్ని పెట్టుకుని వీధిలోకి వెళ్తే కుక్కలు తరుముతాయి."

"ఆదివారం టిఫిన్ దగ్గర గొడవేమైనా జరిగిందా?"

"గొడవేం కాదు. డెల్మర్ మోకాలు పట్టేసింది, నేను రాలేనేమో, మీరు ముగ్గురూ వెళ్ళిరండి అన్నాడు. అక్క ఒంటికాలి మీద లేచింది. నువ్వు పక్కన లేకపోతే నేను విమానమే ఎక్కను, మొత్తం మానేస్తాను అంది. ఆయన నోరు మూసుకుని హామ్ పెట్టిన బన్ను ఇంకోటి తిన్నాడు."

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన పటాన్ని కార్బిన్ అప్పటికే చూస్తున్నాడు. ముచ్చటైన పని. ఆరు రంగుల పెన్నులు వాడి స్టాండ్సు, పందెం ముగిసే గీత, టీ దొరికే చోటు అన్నీ గీశాడు డెల్మర్. వీళ్ళు కూర్చునే వరుసకు ఎదురుగా ఎర్ర బాణం ఒకటి ఎడమ నుంచి కుడికి దూసుకుపోతోంది. కింద గుండ్రటి అక్షరాలతో, "గుర్రాలు మన ఎడమ వైపు నుంచి వస్తాయి. బైనాక్యులర్స్ అటు తిప్పి ఉంచుకోండి" అని రాసి ఉంది. పక్కనే ఇంకో కాగితం. మొదటి గది వెర్నా, రొవీనా. రెండో గది హోబర్ట్. రైలు ఎక్కడ మారాలి, గొడుగు ఎవరు మోయాలి.

"ఎంత శ్రద్ధో చూశారా మేడమ్!" అన్నాడు కార్బిన్.

"చూశాను. నువ్వు చూశావా?"

ఆమె అలా అడిగిందంటే తను ఏదో చూడలేదనే అర్థం. మూడేళ్ళుగా ఇదే వరస. మళ్ళీ చూశాడు. పటమే కనిపించింది.

హోబర్ట్ స్లోన్ తన ఇంటి వరండాలో కంచె మీద కాళ్ళు పెట్టుకుని దొరికాడు. ఏ ప్రశ్న వేసినా జవాబు ఏదో గుర్రం దగ్గర మొదలై ఇంకో గుర్రం దగ్గర ముగుస్తోంది. ఒడెస్సా మూడుసార్లు పెన్సిల్ కింద పెట్టి మూడుసార్లు తీసింది.

"హోబర్ట్, ఒక్క ముక్క చెప్పు. డెల్మర్‌తో నీకేమైనా తగువుందా?"

"ఇంకో రెండ్రోజులు ఉండి పొద్దుటి సాధన చూసొద్దామన్నాను. కుదరదన్నాడు. అంతేనమ్మా, దానికి పాస్‌పోర్టు దొంగతనం చేస్తానా? నాకు ఆస్కాట్ చూడాలని ఎందుకంటే, మన రేసు మైదానాలన్నీ ఎడమ వైపుకే తిరుగుతాయా, అక్కడ కుడి వైపుకు తిరగాలి. ఎడమకి అలవాటు పడ్డ గుర్రాన్ని కుడికి ఎలా మళ్ళిస్తారో నా కళ్ళతో చూడాలి."

"డెల్మర్ గీసిన పటం చూశావా?"

"అదెవడు చూశాడు! అన్నీ ఆయనకే తెలుసు కదా, ఆయన వెనకాల నడిస్తే చాలు."

ఒడెస్సా లేచింది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖంలో విసుగు తగ్గినట్టు కార్బిన్‌కి అనిపించింది.

ఇక డెల్మర్ పెనిక్స్. బక్కపలచని మనిషి, ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో నీలం ఫైలు. ప్రయాణం కాగితాలన్నీ అందులోనే. ఒక్కో కాగితం తీసి చూపించాడే గానీ ఫైలు మాత్రం చేతికివ్వలేదు. కార్బిన్ ఐస్ టీ గ్లాసు దాని మీద పెట్టబోతే గుండెలకు హత్తుకున్నాడు.

"ఆస్కాట్ ఎలా ఉంటుందండీ?" అని మామూలుగా అడిగింది ఒడెస్సా.

అంతే. రాణిగారి బళ్ళు వచ్చే వేళ, ఏ ఏడు ఏ గుర్రం ఎన్ని అడుగుల తేడాతో గెలిచింది, ఏ జాకీ ఏ రంగు చొక్కా వేశాడు, అంతా ఏకరువు పెట్టాడు. కార్బిన్ నోరు తెరుచుకుని విన్నాడు.

"వాన పడితే తడి గడ్డి ఎలాంటి వాసన వేస్తుంది?"

డెల్మర్ ఫైలు తెరిచి మళ్ళీ మూశాడు. "గడ్డి... గడ్డి వాసనే," అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి అందర్నీ వెర్నా వంటింట్లో కూర్చోబెట్టింది ఒడెస్సా. తను మాత్రం ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

"పొద్దుటి నుంచి మీ అందరి దగ్గరా పదిహేడు గుర్రాల జీవిత చరిత్రలు విన్నాను. నాకు ఓపిక అయిపోయింది, కాబట్టి మధ్యలో ఎవరూ మాట్లాడకండి. మిస్ వెర్నా పాస్‌పోర్టు ఒక్కటే ఎందుకు పోయింది? ఎందుకంటే, ఈ ప్రయాణం ఆమెది. రొవీనా రాకపోయినా ఆమె వెళ్తుంది, హోబర్ట్ రాకపోయినా వెళ్తుంది. ఆమె వెళ్ళకపోతేనే అందరూ ఆగిపోతారు. తీసినవాడికి కావలసింది పాస్‌పోర్టు కాదు, ప్రయాణం ఆగడం. హోబర్ట్, లేచి ఈ పటం చూడు."

హోబర్ట్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "ఇదేమిటి? బాణం తిరగేశాడే! కుడికి తిరిగే మైదానంలో గుర్రాలు మన కుడి చేతి వైపు నుంచి రావాలి. ఇలా వచ్చేది మన ఊళ్ళో."

"అవును. కుడి వైపు మైదానమని డెల్మర్‌కి తెలుసు, వంద పుస్తకాల్లో చదివాడు. చదివింది నోటికి వస్తుంది. కానీ గీసేటప్పుడు చేతికి వచ్చేది కళ్ళు చూసిందే. ఆయన కళ్ళు చూసింది లెక్సింగ్టన్ ఒక్కటే. ఇరవై ఐదు సార్లు కాదు, ఒక్కసారి అక్కడ కూర్చున్నా ఆ బాణం అలా గీయరు."

వెర్నా డెల్మర్ వైపు తిరిగింది. ఆయన ఫైలు వైపు చూస్తున్నాడు.

"రెండోది, గదులు. ఒకటి అక్కచెల్లెళ్ళకు, ఒకటి హోబర్ట్‌కి. గొడుగు ఎవరు మోయాలో కూడా రాసిన మనిషి తన మంచం సంగతి మర్చిపోతాడా? మర్చిపోలేదు. అవసరం లేదు కనుక రాయలేదు. టికెట్లమ్మిన ఆఫీసుకి ఇందాక ఫోన్ చేశాను. ఆస్కాట్‌కి నలుగురని ఊరంతా అనుకుంటోంది. కొన్నవి మూడే టికెట్లు. ఆఖరి నిమిషంలో మోకాలి నొప్పి వంకతో తప్పుకోవాలన్నది ఆయన పథకం. నువ్వు రాకపోతే నేనూ రానని మిస్ వెర్నా ఆదివారం అనేసరికి గొంతులో వెలక్కాయ పడింది. నిజం చెప్పలేడు, విమానం ఎక్కలేడు. ఎవరూ చూడనప్పుడు డబ్బా తెరిచాడు. ఫైలు ఇటివ్వండి, మిస్టర్ పెనిక్స్."

ఇవ్వలేదు. తనే వెనక అట్ట లోపలి జేబులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఐదేళ్ళ కిందట నిజంగానే బయలుదేరాను," అన్నాడు. "ఊరంతా వచ్చి సాగనంపారు. విమానం తలుపు దాకా వెళ్ళాను. కాళ్ళు రాలేదు. పడూకా అనే ఊళ్ళో మా అన్నయ్య ఇంట్లో వారం దాక్కుని వచ్చాను. ఎలా ఉందని అందరూ అడిగారు. చెప్పాను. మరుసటేడు మళ్ళీ అడిగారు."

"ఛీ! నీ మొహానికి ఇరవై ఐదేళ్ళు టీలు పోశాను!" అని రొవీనా లేచింది. హోబర్ట్ పటాన్ని ఫ్రిజ్ మీంచి పీకి ఆ బాణాన్ని మళ్ళీ చూశాడు.

వెర్నా పాస్‌పోర్టు తీసుకుని, తన ఫొటో ఉన్న పేజీ చూసుకుని, సంచీలో పెట్టి జిప్పు లాగింది. తర్వాత అరిచింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉంటుందని కార్బిన్ అనుకోలేదు.

"భయమని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? నేను భయపడలేదా? కెంటకీ దాటి ఎరగను, నీ ధైర్యం చూసుకునే కదా బయలుదేరాను! దాన్ని ఇంకోసారి చూడాలని నాలుగేళ్ళుగా ఏడుస్తుంటే నీకు తెలియదా? తెలిసి కూడా తీశావా?"

"తెలిసే తీశాను," అన్నాడు డెల్మర్. "కాల్చేద్దామని పొయ్యి దగ్గరికి వెళ్ళాను. నీ ఫొటో చూసి కాల్చలేకపోయాను. పోలీసుల్ని పిలుస్తావా?"

"నాకంత తీరికెక్కడ? సూట్‌కేసు ఇంకా సర్దలేదు." నీలం ఫైలు వైపు వేలు చూపించింది. "రైళ్ళూ గదులూ, నువ్వు రాసినవి అవైనా నిజమేనా?"

"ప్రతి ఒక్కటీ నిజం. రెండేసి సార్లు ఫోన్ చేసి కనుక్కున్నాను."

"అయితే ఎల్లుండి మమ్మల్ని ఎయిర్‌పోర్ట్‌కి నువ్వే తీసుకెళ్ళాలి. తలుపు దాకా రానక్కర్లేదు, కార్లోనే కూర్చో. నీ మీద కోపం తగ్గిందనుకోకు, తగ్గలేదు. ఇరవై ఐదేళ్ళు నువ్వు చెప్పావు, పిచ్చిదాన్ని, నోరు తెరుచుకుని విన్నాను. తిరిగొచ్చాక నేను చెప్తాను, నువ్వు వినాలి. మధ్యలో నాకు తెలుసని ఒక్క మాట అన్నావంటే ఊరుకోను."

డెల్మర్ నీలం ఫైలు రెండు చేతుల్తో తీసి వెర్నా ముందు పెట్టాడు.

"అననులే," అన్నాడు. "గడ్డి వాసన ఎలా ఉందో కూడా చెప్పు, వెర్నా. అది ఏ పుస్తకంలోనూ రాయలేదు."