ఈశాన్యం మూల ఎర్తు గుంత

తెల్లవారినా ఆకాశం తెల్లబడలేదు. పుత్తూరు కొండల మీద మబ్బు కదలకుండా కూర్చుంది. గాలి లేదు. జయంతి వాకిలి చిమ్ముతూ రెండుసార్లు తలెత్తి చూసింది. మబ్బు అక్కడే ఉంది.

లోపల గదిలో ఆమె భర్త భానుచందర్ రేడియో పెట్టె వెనక తీగ ఊడదీసి కిటికీ బయటికి వేశాడు. మబ్బు పట్టిన రోజు పిడుగు భయంతో అతను చేసే మొదటి పని అదే. ఆరేళ్ల కిందట మామిడి కాయలు కోయిస్తూ చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. మంచం, చక్రాల కుర్చీ, కిటికీ, అంతవరకే అతని లోకం. పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకుని, తూర్పు గోడ పక్కన నలభై అడుగుల టవరు లేపించుకున్నాక ఆ లోకం కొంచెం పెరిగింది. సాయంత్రాలు రాజస్థాన్ నుంచి ఒక రిటైరైన మాస్టారు, శ్రీలంక నుంచి ఒక టైలరు అతనితో మాట్లాడేవారు. వాళ్లకు అతని కాళ్ల సంగతి తెలియదు.

పోయిన మంగళవారం ఆ టవరు మీద పిడుగు పడింది. టవరుకు ఏమీ కాలేదు. వంటింటి గోడ పెచ్చు లేచిపోయింది. కిటికీ ఊచలు నల్లబడ్డాయి. ఫ్రిజ్జు మాడిపోయింది. కూతురు మహిత అంతకు నిమిషం ముందే ఆ కిటికీ దగ్గర నుంచి పక్కకు వచ్చింది.

అప్పటి నుంచి అత్త తిరుమలమ్మది ఒకటే మాట, టవరు దించేయాలని. ఆ పిల్లకు ఏమన్నా అయ్యుంటే అంటుంది. టవరు నిలబెట్టిన వెల్డరు అష్ఫాక్‌నే రమ్మని ఫోను చేయించింది.

భానుచందర్ వాదించలేదు. రోజంతా నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాడు. ఎనిమిది అడుగుల లోతు ఎర్తు గుంత, అందులో బొగ్గు, ఉప్పు. టవరు నుంచి గుంతకు నేరుగా పది అడుగుల రాగి పట్టీ. పిడుగు భూమిలోకి పోవాలి. వంటింట్లోకి ఎందుకు వచ్చింది? జయంతిని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ ఆమె పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోయింది.

మహిత కాలేజీ బస్సు ఎక్కిన కాసేపటికి అష్ఫాక్ వచ్చాడు. తాడు, స్పానర్ల సంచి దించాడు. తిరుమలమ్మ మంచినీళ్లిచ్చి, పని ఎంతసేపు పడుతుందని అడిగింది. మధ్యాహ్నానికి అయిపోతుందన్నాడు.

కిటికీలోంచి భానుచందర్ పిలిచాడు.

"దించు అష్ఫాక్, నేనేమీ అనను. దించేముందర ఈశాన్యం మూల ఎర్తు గుంత ఒకతూరి సూసి సెప్పు. నా తప్పు యాడుండాదో తెలిస్తే సాలు."

వసారాలో బియ్యం చెరుగుతున్న జయంతి చేతిలో చాట ఆగింది.

అష్ఫాక్ టవరు మొదట్లో వంగి చూశాడు. రాగి పట్టీ ఈశాన్యానికి పోలేదు. గోడ వెంబడి దక్షిణానికి తిరిగింది. దాని వెంటే నడిచి ఇంటి వెనక్కి పోయాడు. తిరిగొచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు.

"గుంత ఆడ లేదన్నా. పట్టీ ఇల్లు సుట్టుకోని నైరుతికి పోయుండాది. వంటింటి మూల కాడ కిటికీకి ఆనుకోని మళ్లినాది. పిడుగుకు తిన్నగా దారి కావాల. మలుపు కాడ ఊసల మీదికి దూకినాది. ఇది నేను పెట్టింది కాదు."

భానుచందర్ కుర్చీ తోసుకుంటూ వసారాలోకి వచ్చాడు. మెట్ల దగ్గర కుర్చీ ఆగింది. నాలుగు మెట్లు. అవతల అతని ఇంటి గోడే, అతను చూడలేని గోడ.

"ఎవురు మార్చినారు?"

జయంతి మళ్లీ బియ్యం చెరగబోయింది.

"నిన్నే జయంతీ. నేను దిగి సూడలేననే కదా?"

జయంతి చాట కింద పెట్టింది. రెండేళ్ల కిందట వీపు పుండ్లు తిరగబెట్టి అతను తిరుపతి ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. అప్పుడు వాస్తు చూసే ఆయనొకడు వచ్చాడని, ఈశాన్యంలో బొగ్గూ ఉప్పూ పూడ్చిన ఇంట్లో పడిన మనిషి లేవడని చెప్పాడని, మేస్త్రిని పిలిచి గుంతను నైరుతికి మార్పించామని, ఒక్కొక్క మాటే చెప్పింది.

"సెప్పొద్దన్నది నేను" అంది తిరుమలమ్మ. "దాని మీద కోపం సేసుకోవాకు నాయనా. గుంత తీసేస్తే నీకు కాళ్లొస్తాయన్నాడు. దినామూ తెల్లారి నీ దుప్పటి కదిల్తాదేమోనని వచ్చి సూసేదాన్ని."

"నేనూ సూసేదాన్ని" అంది జయంతి.

అమ్మ రోజూ దుప్పటి సర్దడానికే వస్తుందనుకునేవాడు భానుచందర్. తన మోకాళ్లను చూసుకున్నాడు.

"అవి రావు మా. నాకు తెలుసు. నేను ఈ మెట్లు దాటేది ఆ టవరు మీదనే. అదొకటి ఉండనీ."

తిరుమలమ్మ వెనక్కి వెళ్లి గడ్డపార తెచ్చి అష్ఫాక్ ముందు పెట్టింది.

ఈశాన్యం మూల రెండడుగులు తవ్వగానే నల్లగా బొగ్గు కనిపించింది. పాత పైపు కూడా లోపలే ఉంది. మేస్త్రి పైపైన మట్టి కప్పి పోయాడు. ఈ రెండేళ్లూ బొగ్గు ఈశాన్యంలోనే ఉంది.

తిరుమలమ్మ గుంత అంచున నిలబడి ఆ బొగ్గును చూసింది. అందుకే రాలేదా కాళ్లు? ఆ మాట జయంతి నోటి దాకా వచ్చింది. అత్త నోటి దాకా కూడా వచ్చిందని ఆమె పెదవులు చూస్తే తెలిసింది. ఆ మాట బయటపడితే మళ్లీ మేస్త్రి వస్తాడు, మళ్లీ రోజూ దుప్పటి చూడటమే.

తిరుమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంట్లోకి పోయి రాళ్లుప్పు సంచి తెచ్చి తన చేతులతోనే గుంతలో పోసింది. దాని మీద బిందెడు నీళ్లు పోసింది.

అష్ఫాక్ పట్టీని గోడ నుంచి ఊడదీసి, ఒక్క మలుపు లేకుండా టవరు నుంచి గుంతకు వేశాడు. ఎర్తులు వేరువేరుగా ఉంటే పిడుగు ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి దూకుతుందని, కరెంటు మీటరు ఎర్తును కూడా దీనికే కలిపాడు. జయంతి ఫోనులో వీడియో పెట్టి గుంత, పైపు, పట్టీ, ప్రతి బోల్టూ భర్తకు చూపించింది. ఒక బోల్టు దగ్గర ఇంకోసారి చూపించమన్నాడు. చూపించింది.

వాన మొదలయ్యేసరికి తిరుమలమ్మ భానుచందర్ గదిలోనే భోజనానికి తట్టలు పెట్టింది. అష్ఫాక్‌ను పోనీయలేదు. రాగిసంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి. మొదటి ముద్ద తుంచుతుండగా ఇంటి మీదే ఉరిమింది. నలుగురి చేతులూ ఆగాయి. నలుగురూ వంటింటి వైపు చూశారు. ఏమీ కాలేదు. వాన చప్పుడే.

తిరుమలమ్మ కొడుకు తట్టలో ఇంకో ముద్ద వేసింది. అతను వద్దనలేదు. నలుగురూ తిన్నారు.