రేగడిబండలో ఒక నిద్ర

ఆదివారం ఉదయం తొమ్మిదింటి బండిలో మూడు వందల మంది మూతలు బిగించుకుని నిద్రపోతున్నారు. ఆఫీసు లేదు, బడి లేదు, అయినా ఎక్కారు. ఎక్కక ఏం చేస్తారు? నిద్ర దొరికేది అక్కడే. చివరి పెట్టెలో, మెలకువగా ఉన్నవాళ్ల బెంచీ మీద, స్వరూప పళ్లు నూరుకుంటూ కూర్చుంది. పక్కన భర్త నర్సింగ్, ఎదురుగా అత్తగారు అండాలమ్మ, ఆమె ఒళ్లో ఏడేళ్ల పూర్వి.

నిద్రబండ్లు వచ్చి పదకొండేళ్లయింది. మూత ఉన్న సీట్లో వాలి నుదుటికి జోలపట్టీ కట్టుకుంటే చాలు, యాభై రెండు నిమిషాల్లో ఏడు గంటల నిద్ర పూర్తవుతుంది. పట్టాల కింద పరిచిన తీగల లయ అందితేనే పట్టీ పనిచేస్తుంది కాబట్టి ఇంట్లో కట్టుకుని లాభం లేదు. పన్నెండేళ్లు నిండని పిల్లలకూ, అరవై దాటిన పెద్దలకూ కట్టరు. మధ్యలో లేస్తే రోజంతా తల దిమ్ముగా ఉంటుంది. అందుకే నగరానికి యాభై రెండు నిమిషాలు, ఆపైన దూరమున్న ఊళ్లు నిండునిద్ర ఊళ్లయ్యాయి. అంతకన్నా దగ్గరివి అరనిద్ర ఊళ్లయ్యాయి. ఒకప్పుడు అంత దూరమా అని మొహం తిప్పుకున్న జనమే అక్కడ ఫ్లాట్ల కోసం ఎగబడ్డారు. రాత్రులన్నీ ఖాళీగా మిగిలాయి. ఆ ఖాళీలో ఏం చేశారయ్యా అంటే, ఇంకో ఉద్యోగం చేశారు.

లైను చివరి నిండునిద్ర ఊళ్లో వాళ్లుంటున్న అద్దె ఇల్లు నెలలో ఖాళీ చేయమన్నాడు యజమాని. కొనడానికి రెండు ఫ్లాట్లు తేలాయి. ఒకటి తూములగూడలో, సరిగ్గా యాభై రెండు నిమిషాలు. రెండోది దాని ముందు స్టేషన్ రేగడిబండలో, నలభై నాలుగు. తూములగూడ బిల్డరు ఈ సాయంత్రం ఐదింటికల్లా ఒప్పందం మీద వేలిముద్ర వేయాలన్నాడు. అక్కడ దారి మధ్యలోనే దిగాలి కాబట్టి ఇవాళ్టి నిద్ర మానుకుని వచ్చారు. నిన్న ల్యాబుకు వెళ్తూ బండిలో పడుకున్నాక స్వరూపకు మళ్లీ నిద్ర లేదు. కళ్లలో ఇసుక పోసినట్టుంది.

తూములగూడలో కౌండిన్య అనే కుర్రాడు టై సర్దుకుంటూ పదకొండో అంతస్తు తలుపు తీశాడు. హాలు, వంటిల్లు, రెండు పనిగదులు, తళతళలాడే నేల. అండాలమ్మ గది గదీ తిరిగి వచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

"పండుకునే అర్ర ఏది బిడ్డా?"

కౌండిన్య నవ్వాడు. "ఈ ఊళ్లో ఎవరూ ఇంట్లో పడుకోరు అమ్మమ్మా. మీలాంటి పెద్దవాళ్ల కోసం ఇదిగో, జోలగూడు!"

గోడ మీద నొక్కగానే సొరుగులాంటిది బయటికి వచ్చింది. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, లోపల మెత్తటి పరుపు. "లోపలికి వెళ్లి మూసేస్తే చీకటి, చల్లగాలి. ఇంట్లో లైట్లు ఆర్పాల్సిన పనే లేదు మేడమ్. మీ పనులు మీరు చేసుకోవచ్చు. పాపకు కింద ఇంకోటి ఉంది."

"నానమ్మ పక్కన నాకు పడుతదా?" అని అడిగింది పూర్వి.

"ఒక్కరికే, పాపా."

స్వరూపకు అరికాలి మంట నెత్తికెక్కింది. "గిన్నెలు సదిరే అరల మా అత్తమ్మను పెట్టి మూయాల్నా? నీకు సిగ్గనిపిస్తలేదా, నవ్వుకుంట చెప్తున్నవ్? మీ అమ్మను పెట్టినవా గిట్ల?"

కౌండిన్య నవ్వు ఆగిపోయింది. "పెట్టాను మేడమ్" అన్నాడు. ఆ మాటకు ఆమె ఒళ్లు ఇంకా మండింది.

నర్సింగ్ ఆమెను పక్కకు తీసుకుపోయాడు. "మెల్లగ మాట్లాడు. రేగడిబండ తీసుకుంటే రోజూ ఎనిమిది నిమిషాలు తక్కువ పడ్తది. సగం నిద్రల నిన్ను లేపి దించుతరు. నువ్వు చేసేది బ్యాంకు పనా? ల్యాబుల రక్తం చూస్తవ్. దిమ్మెక్కిన తలకాయతోని ఒకరి రిపోర్టు ఇంకొకరికి రాసినవనుకో, ఎవని ప్రాణం పోతది?"

అతను చెప్పింది నిజం. నిజమైనందుకే అతని మీద పీకల దాకా కోపమొచ్చింది. ఎనిమిది నిమిషాలట! మనిషి ఎక్కడ ఉండాలో, ఎవరిని ఎక్కడ పడుకోబెట్టాలో ఆ ముదనష్టపు ఎనిమిది నిమిషాలు చెప్తాయట!

"రెండో ఇల్లు గూడ చూద్దాం నడువుండ్రి. ఆడ ఒక్క నిద్ర జేస్తే తెలుస్తది" అంది అండాలమ్మ.

ఆమె పట్టుదల అలాంటిది. కొత్త ఇంట్లో పాలు పొంగించిన రాత్రి అక్కడే నిద్ర చేయాలి. చావు జరిగిన ఇంటికి పలకరించడానికి పోతే ఒక నిద్ర చేసి రావాలి. ఇంటికీ మనిషికీ చుట్టరికం కుదిరేది నిద్రతోనే అని ఆమె నమ్మకం. నర్సింగ్ గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. ఇంకా సమయముందిలే అని బయల్దేరాడు.

రేగడిబండ ఇల్లు నిద్రబండ్లకు ముందు కట్టిన మూడంతస్తుల భవనంలో ఉంది. స్విచ్చులు పసుపు రంగుకు తిరిగాయి, గోడకు చెమ్మ పట్టింది. కానీ రెండు పడకగదులున్నాయి. కింది వాటాలో ఉండే ఇంటామె తాళంచెవితో పాటు, అడగ్గానే ఓ చాప కూడా ఇచ్చింది. అండాలమ్మ కిటికీ కింద దాన్ని పరిచి, పూర్విని పొట్టకు హత్తుకుని పడుకుంది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ గురక పెట్టారు. నర్సింగ్ హాల్లో ఫోన్లో లోను సంగతి మాట్లాడుతూ పచార్లు చేస్తున్నాడు. స్వరూప గోడకు ఆనుకుని కూర్చుంది. కోపంతో చెవులు ఇంకా వేడిగా ఉన్నాయి. ఒక్క నిమిషం నడుం వాలుద్దామని చాప అంచు మీదకు జరిగింది.

పట్టీ లేకుండా, బండి లేకుండా, తనకు తెలియకుండానే ఆమెకు నిద్ర పట్టింది.

లేచింది కేకలకు. పూర్వి గోడ మూలన నక్కి గుండెలవిసేలా ఏడుస్తోంది. నర్సింగ్ స్వరూప మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాడు. అండాలమ్మ పిల్లను దగ్గరికి లాగుతోంది, పిల్ల రావడం లేదు.

"ఏమైందే? దేన్నన్న చూసి జడుసుకున్నవా?" అని లేచి కూర్చుంది స్వరూప. తల్లి కదలడం చూసి పూర్వి ఇంకా వెనక్కి జరిగింది.

"నువ్వు సచ్చిపోయినవ్" అంది వెక్కుతూ. "కండ్లు మూసుకున్నవ్. పిలిస్తే పలుకలే. కింది తాత లెక్క."

అద్దె ఇంటి కింద వాటాలో ఉండే తాత పోయిన నెల చనిపోతే, వాకిట్లో పడుకోబెట్టినప్పుడు ఆ పిల్ల చూసింది.

"నిద్రపోయిన బిడ్డా. నిద్ర!"

"నానమ్మలు పోతరు నిద్ర. అమ్మలు పోరు గదా."

స్వరూప వెనక్కి లెక్క వేసుకుంది. పూర్వి పుట్టిన మూడో నెలలో తాను బండెక్కింది. అప్పటినుంచి నిద్రంతా మూత కిందే. రాత్రుళ్లు ఇంట్లో వంట, రెండో ఉద్యోగపు రిపోర్టులు, బట్టలు. పిల్ల ఎప్పుడు కళ్లు తెరిచినా తల్లి కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడేళ్లు! కడుపున పుట్టిన పిల్లకు తల్లి నిద్రమొహం ఎలా ఉంటుందో తెలియదు. ఆ పట్టీ కనిపెట్టిన మేధావుల్లో ఒక్కడికైనా తట్టిందా ఈ మాట? వాళ్ల సంగతి సరే, తనకేమైంది? తన బుద్ధి ఏ గడ్డి తినడానికి పోయింది? ఏడుపు రాలేదు ఆమెకు. కోపమే వచ్చింది.

నర్సింగ్ ఫోన్ మోగింది. కౌండిన్య. స్వరూప లాక్కుంది.

"మేడమ్, నాలుగవుతోంది, వేలిముద్ర..."

"ఆ అరలకెళ్లి మీ అమ్మను ముందు బయటికి తియ్యి" అని ఫోన్ పెట్టేసింది.

"మరి రేపటి డ్యూటీ?" అన్నాడు నర్సింగ్, గట్టిగా కాదు.

"రాత్రి పండుకుంట. రాత్రి చేసే రెండో పని మానేస్త. కుటుంబం నడవదంటవా, నడవకుంటె నడవకపాయె."

"రోజూ గిట్ల నిద్ర పడ్తదా నీకు?"

"ఏమో. పట్టకుంటే నేర్చుకుంట."

ఆమె మళ్లీ చాప మీద వాలింది. పూర్విని పిలిచి, ఆ చిన్న అరచేతిని తన పొట్ట మీద పెట్టుకుంది. "ఇగో చూడు. కండ్లు మూసుకుంటున్న. చెయ్యి పైకి లేస్తున్నదా? అంటే నేను ఉన్నట్టు."

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్ననే."

నిద్ర రావడం లేదు. కోపం ఇంకా తగ్గలేదు. అయినా కళ్లు తెరవలేదు.

"అమ్మా?"

ఈసారి స్వరూప పలకలేదు. పళ్లు బిగబట్టి, ఊపిరి మెల్లగా పీల్చి వదిలింది. పూర్వి అరవలేదు. అరచేతిని ఇంకాస్త గట్టిగా అదిమి పట్టుకుంది.